ముక్కు నుంచి రక్తం: విటమిన్ సంగతి తర్వాత, ముందు బీపీ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 56. పదిహేను రోజుల్లో నాలుగుసార్లు ఎడమ ముక్కులోంచి రక్తం కారింది. తల వెనక్కి వాల్చి పడుకుంటే కాసేపటికి ఆగుతోంది. బీపీ నార్మల్‌గా ఉందని మూడు నెలల క్రితం మాత్రలు మానేశాను. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు యాస్పిరిన్ వేసుకుంటాను. ఏ విటమిన్ వాడితే రక్తం రాకుండా ఉంటుంది?

జవాబు: మీకు కావాల్సింది విటమిన్ కాదనుకుంటాను. బీపీ మాత్రలు మానేయమని ఎవరు చెప్పారు? మాత్ర వేసుకుంటుండగా బీపీ నార్మల్‌గా ఉందంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. రక్తం కారడానికి బీపీయే కారణమని చూడకుండా చెప్పలేను. కానీ బీపీ ఎక్కువగా ఉంటే మొదలైన రక్తం ఓ పట్టాన ఆగదు. ఇవాళే చూపించుకోండి.

ఇక యాస్పిరిన్. దాని ప్రభావం ప్లేట్‌లెట్ల మీద వారం, పది రోజులు ఉంటుంది. మీ 'అప్పుడప్పుడు' వారానికోసారైనా రక్తం గడ్డకట్టడం మందగించడానికి అది చాలు. దాని బదులు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా తెచ్చుకోకండి. అవీ రక్తస్రావాన్ని, బీపీని పెంచొచ్చు. గుండె జబ్బుకు డాక్టర్ రాసిన యాస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపేయకండి, ముందు మీ డాక్టర్‌ని అడగండి.

తల వెనక్కి వాల్చితే రక్తం ఆగడం లేదు, గొంతులోకి పోతోంది. అది కడుపులోకి చేరితే వాంతి కావచ్చు. కూర్చుని కాస్త ముందుకు వంగండి. నోటితో గాలి పీలుస్తూ, ముక్కు ఎముక కింద మెత్తగా ఉండే భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. గడియారం చూసుకోండి. ఆగిందేమోనని మధ్యలో వదిలి చూడటమే చాలామంది చేసే పొరపాటు. ఆగాక ఆ రోజంతా ముక్కు గట్టిగా చీదొద్దు, బరువులు ఎత్తొద్దు.

అరగంటైనా ఆగకపోయినా, రక్తం గొంతులోకి ధారగా దిగుతున్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చాలాసార్లు రక్తం ముక్కు ముందు భాగంలోని సన్నని నాళాల నుంచే వస్తుంది. లోపల పొడిబారడం, వేలు పెట్టి గోకడం, జలుబు లాంటివే కారణాలు. అయితే మీ వయసులో ఒకే వైపు పదేపదే వస్తుంటే ఈఎన్‌టీ డాక్టర్ ఎండోస్కోపీతో లోపలిదాకా చూడాల్సిందే. కణితి లాంటిదేమీ లేదని తేల్చుకోవాలి. సాధారణంగా ఉండదు, కానీ చూడకుండా వదిలేయకూడదు. అవసరమైతే ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం కూడా పరీక్షిస్తారు. రక్తం వస్తున్న నాళం కనిపిస్తే అక్కడే మందుతో కాల్చి మూసేస్తారు.

ఇప్పటికే పదిహేను రోజులు గడిపేశారు, ఇంకా ఆగకండి. వాడుతున్న మందులు, మానేసినవి కూడా, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.