ఉప్పు తేలిన బోరు, చౌడు బారిన పొలం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పొలం సముద్రానికి దగ్గర. పొద్దున మోటారు వేసినప్పుడు బోరు నీళ్లు బాగానే ఉంటాయి, రెండు మూడు గంటలయ్యేసరికి ఉప్పు తగులుతున్నాయి. ఇంకో 50 అడుగులు లోతు చేయిస్తే మంచినీరు పడుతుందా?

జవాబు: పడదు సరికదా, ఉప్పు ఇంకా త్వరగా వస్తుంది. తీరంలో భూమి లోపల మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. జలమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలుస్తుందని లెక్క. తోడి తోడి ఆ మట్టాన్ని అర మీటరు దించారనుకోండి, అడుగున ఉప్పునీరు క్రమంగా 20 మీటర్లు పైకొస్తుంది. ఇది కాక, మోటారు నడుస్తున్నంతసేపూ సరిగ్గా బోరు కిందే ఉప్పునీరు గోపురంలా ఉబుకుతుంది. ఆపితే మెల్లగా దిగుతుంది. మీ బోరులో జరుగుతున్నది ఇదే. కింద మందపాటి బంకమట్టి పొర, దాని అడుగున వేరే మంచినీటి పొర ఉన్నాయని సర్వేలో తేలితే తప్ప లోతుకు పోవద్దు. అప్పుడైనా పై ఉప్పునీరు కిందికి జారకుండా కేసింగ్ చుట్టూ సిమెంటుతో మూయించాలి.

ముందు ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పును కొలిచే పరికరం) కొనండి, నాలుకను నమ్మకండి. మోటారు వేసిన 10 నిమిషాలకు, గంటకు, మూడు గంటలకు నీళ్లు పట్టి చూడండి. సముద్రపు నీటి ఈసీ మీటరు పొడవుకు దాదాపు 50 డెసీసీమెన్లు (ఈసీని కొలిచే ప్రమాణం, కింది అంకెలన్నీ ఇందులోనే). సాగునీటికి 0.7 లోపు ఉంటే భయం లేదు. 3 దాటితే ఉప్పును తట్టుకునే పంటలకే వాడాలి. అంకె ఎక్కడ పెరగడం మొదలైందో అంతకు ముందే ఆపి, బోరుకు విరామం ఇవ్వండి. చిన్న మోటారుతో కొంచెం కొంచెంగా తొట్టిలోకి ఎత్తి అక్కణ్నుంచి పారించుకోవడం మేలు. ఒక్క లోతు బోరు కన్నా దూరదూరంగా తవ్విన తక్కువ లోతు బావులు నయం. బోరు అడుగు భాగాన్ని సిమెంటుతో పూడ్చి లోతు తగ్గించినా కొంత ఫలితం ఉంటుంది. చుట్టుపక్కల బోర్లన్నీ ఎప్పటిలాగే తోడుతుంటే మాత్రం మీరొక్కరు తగ్గించి సాధించేది తక్కువే.

ప్రశ్న: తుపానుకు సముద్రపు నీరు పొలంలో నిలిచింది. ఇప్పుడు పైన తెల్లగా పేరుకుంది. జిప్సం ఎంత వేయాలి?

జవాబు: తెల్లగా పేరుకున్నది పాల చౌడు, అంటే మామూలు ఉప్పు చౌడు. దానికి మందు మంచినీరూ, మురుగు పోయే దారీ. జిప్సం కూడా ఒక లవణమే. ఇప్పుడే వేస్తే ఉన్న ఉప్పుకు ఇంకాస్త చేర్చినట్టు.

మురుగు కాలువ ముందు తవ్వాలి, నీళ్లు తర్వాత. 30 సెంటీమీటర్ల లోతు నేలలోంచి 30 సెంటీమీటర్ల నీరు కిందికి దిగిపోతే అందులో ఉప్పు సుమారు 80 శాతం కొట్టుకుపోతుంది. ఒకేసారి నింపకుండా విడతలుగా, ఒక తడి ఇంకాక మరో తడి పెడితే నీరు ఆదా. చాలామంది నీళ్లు ఇంకనివ్వకుండా పైపైనే పారించి బయటికి వదిలేస్తారు, దాంతో తెల్లదనం పోతుంది గానీ వేళ్ల దగ్గరి ఉప్పు అలాగే ఉంటుంది. కాలువ చివర పోటుకు మూసుకుని ఆటుకు తెరుచుకునే తలుపు ఉండాలి. దాని సందులో ఒక్క పుల్ల ఇరుక్కున్నా పోటు నీరు లోపలికి వచ్చేస్తుంది, కాబట్టి రోజూ చూసుకోండి.

ఉప్పు కడిగాక బంకనేలల్లో సోడియం మట్టిని పట్టుకుని ఉండిపోవచ్చు. శనగగింజంత ఎండు మట్టిపెళ్లను గ్లాసు వాననీటిలో వేసి కదపకుండా వదిలేయండి. కొన్ని గంటల్లో చుట్టూ పాలలాంటి మబ్బు కడితే మట్టిని పరీక్షకు పంపండి. మార్పిడి సోడియం (మట్టి రేణువులు పట్టుకుని ఉన్న పోషకాల్లో సోడియం వాటా) 15 శాతం దాటితే జిప్సం అవసరం, మోతాదు ఆ నివేదికను బట్టే. కడగకముందు ఈ గ్లాసు పరీక్ష పనికిరాదు, ఉప్పున్నంతకాలం మట్టి విడిపోదు.

ప్రశ్న: అలాంటి నేలలో వరి వేయొచ్చా?

జవాబు: మట్టి ఈసీ (ల్యాబులో మట్టిని నీటితో పూర్తిగా తడిపి పిండిన ద్రావణంలో కొలిచినది) 3 లోపుకు దిగితే వేయొచ్చు. ఆపైన ఒక్కో అంకెకు దిగుబడి 12 శాతం చొప్పున పడిపోతుంది. మొలకకు ఉప్పు అంత చేటు కాదు, లేత నారుకూ పూత దశకూ చేటు. నారుమడి మంచినీటి కింద పోసి, 30–35 రోజుల ముదురు నారు కుదురుకు మూడు నాలుగు మొక్కల చొప్పున నాటండి. మడి ఆరనివ్వొద్దు, ఆరితే అడుగు ఉప్పు పైకెక్కుతుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, అనవసరంగా క్లోరైడు చేర్చినట్టు కాదు.