పార్ట్‌నర్ వీసా అప్పీలుకి పెళ్ళి ఆల్బమ్ సరిపోతుందా?

ఆస్ట్రేలియా వాళ్ళు నీ భార్య పార్ట్‌నర్ వీసా రిఫ్యూజ్ చేశారు, వీసా నిర్ణయాల మీద అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్లో ఆల్బమ్, వాట్సాప్ చాట్లు చూపిస్తే చాలా అని అడిగావు కదా తమ్ముడూ. చాలవు. మెల్‌బోర్న్‌లో ఉండి మా ఆయన కోసం ఇదే అప్పీలు నడిపినదాన్ని, అందుకే చెబుతున్నా.

మా ఇద్దరికీ రెండో పెళ్ళి. అన్నవరం కొండ మీద దగ్గరివాళ్ళ మధ్య అయిపోయింది. ఇండియన్ పెళ్ళికి ఇంత తక్కువమంది రావడమేంటని వీసా ఆఫీసరు రిఫ్యూజల్ లెటర్లో అనుమానంగా రాశారు! రెండో పెళ్ళికి ఊరంతా పిలిచి పందిరి వేసే ఇళ్ళు మనలో ఎన్ని? ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీ పెళ్ళిలో వాళ్ళకి వింతగా తోచిన ప్రతిదానికీ కారణం రాయండి, పెద్దవాళ్ళ చేత అఫిడవిట్లు ఇప్పించండి.

ఆస్ట్రేలియా 1994 మైగ్రేషన్ రెగ్యులేషన్స్‌లోని 1.15ఎ నిబంధన ప్రకారం డబ్బు లావాదేవీలు, ఇల్లు నడిపే తీరు, నలుగురిలో భార్యాభర్తలుగా మెలగడం, ఒకరి పట్ల ఒకరికున్న నిబద్ధత, ఈ నాలుగూ చూస్తారు. ఆల్బమ్ మూడోదానికి కాస్త పనికొస్తుంది, అంతే.

హియరింగ్‌లో మెంబర్, అంటే ట్రిబ్యునల్లో కేసు విని తేల్చేవారు, మొదట నన్ను అడిగారు. తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి, జగ్గంపేట దగ్గర పొలంలో ఉన్న మా ఆయన్ని ఫోన్లో అడిగారు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న: ఈమధ్య దేనికి గొడవపడ్డారు? అత్తయ్య కంటి ఆపరేషన్‌కి నేను పంపిన డబ్బు తీసి, ఈయన కాలిపోయిన బోరు మోటారు రీవైండింగ్‌కి ఇచ్చేశారు. ఆపరేషన్ వాయిదా పడింది. అది చెబుతుంటే నాకు మళ్ళీ కోపమొచ్చి గొంతు లేచింది. ఆయనా అదే చెప్పి, "చేను ఎండిపోతుంటే ఏం చెయ్యమంటారు?" అని మెంబర్‌నే అడిగారట. నేను పంపిన డబ్బు బ్యాంక్ స్టేట్‌మెంట్లో ఉంది. మోటారు షాపు బిల్లు ఫోటో మా చాట్‌లో ఉంది, దాని కింద నేను తిట్టిన తిట్లతో సహా. నన్ను లోపలికి పిలిచాక మెంబర్ ఆ కాగితాల దగ్గరే ఆగి చాలాసేపు చూశారు. మా కేసు గెలిచింది అక్కడే, నాకందులో సందేహం లేదు.

కాబట్టి గుడ్ మార్నింగ్ మెసేజీలు కట్టలకొద్దీ ప్రింటు తీయకు. మందుల చీటీ, స్కూలు ఫీజు, అప్పు, అలక, ఇవి వెతుకు. రిఫ్యూజ్ అయ్యాక జరిగినవీ పెట్టు, ట్రిబ్యునల్ కేసుని మళ్ళీ మొదటినుంచి చూస్తుంది.

కన్సల్టెన్సీల సంగతి కూడా చెప్పాలి. ఒకాయన మాకు పేర్లు మాత్రం మార్చే ప్రేమకథ లెటర్ ఇచ్చి, ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టిస్తానన్నాడు. డబ్బు తీసుకుని నిజమైన పెళ్ళిని దొంగ పెళ్ళిలా చూపించే పని అది. మరదల్ని అలాంటివాళ్ళ జోలికి పోనివ్వకు.

2024 అక్టోబర్ 14 నుంచి పాత ట్రిబ్యునల్ ఏఏటీ (అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్) స్థానంలో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ వచ్చింది. పాత పోస్టుల్లో రాసిన అప్పీలు గడువులు నమ్మకుండా నీ రిఫ్యూజల్ లెటర్లో ఉన్నదే చూసుకో, అది దాటితే పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కి లేదు. ఫీజు మూడు వేల డాలర్లు దాటుతుంది, గెలిస్తే సగం వెనక్కి వస్తుంది. గెలిచినా వీసా వెంటనే చేతికి రాదు. ఫైలు మళ్ళీ వీసా ఇచ్చే డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది, మెడికల్స్, పోలీస్ క్లియరెన్స్ పాతబడితే కొత్తవి అడుగుతారు.