పాపను చూసుకునే ఆవిడకు మనం ఏమివ్వాలి, ఆవిడ ఏమేం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: పది నెలల పాప, ఉంటున్నది బెంగళూరు మారతహళ్లి వైపు. పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే ఒకావిడ దొరికారు, వచ్చే నెల నుంచి వదలాలి. నెలకు ఎంతో మాట్లాడుకున్నారు. డైపర్లు ఎవరివి, తిండి ఎవరిది, జ్వరమొస్తే ఎవరు చూడాలి అన్నవి మాత్రం అడగడానికి మొహమాటంగా ఉంది.

ఆ మొహమాటమే మొదటి మూడు నెలలు నన్ను ఏడిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఈ పనికి రెండు వైపులా ఉన్నాను. 2024 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు మా పాపను మారతహళ్లి దగ్గరి మున్నేకొళాల్‌లో, మా ఇంటికి రెండు సందుల అవతల ఉండే ఒక అక్క దగ్గర వదిలాను. ఆవిడది మదనపల్లె వైపు, మాది హిందూపురం. తర్వాత నేను ఉద్యోగం మానేశాను. ఇప్పుడు మా కింద ఫ్లోర్‌లో ఉండే వాళ్ల బాబును నేనే చూసుకుంటున్నాను. అప్పట్లో అక్క మీద నేను పడ్డ చిరాకుల్లో సగం ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

అసలు విషయానికి ముందు ఒకటి. మీ ఆఫీసులో 50 మంది, అంతకు పైన పనిచేస్తుంటే క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, 2025 నవంబర్ నుంచి అదే నియమం సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. హెచ్ఆర్‌ను అడగండి. మా ఆఫీసు వాళ్లు ఒక డేకేర్‌తో ఒప్పందం పెట్టుకున్నారు కానీ అది ఆఫీసు పక్కన. ఏడు నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ పోనూ గంట, రానూ గంట అంటే నా వల్ల కాలేదు.

ఇక అక్క మొదటిరోజే చెప్పిన లెక్క ఇది: “పాప ఒంటికీ నోటికీ తగిలేదంతా మీరు తెచ్చుకోండి మా. పాప తిరిగే జాగా నేను చూసుకుంటా.” ఇంతకంటే మంచి లెక్క నాకు ఇప్పటికీ కనబడలేదు. డైపర్లు, వైప్స్, బట్టలు, తువ్వాలు, పక్కబట్టలు, పాలసీసా, గిన్నె, చెంచా, మందులు మనవి. శుభ్రమైన నేల, గ్యాస్ స్టవ్ దగ్గరికి పోకుండా అడ్డం, మెట్ల దగ్గర గేటు, ప్లగ్ పాయింట్లకు మూతలు, చేతులు కడుక్కోవడం, కాచి చల్లార్చిన నీళ్లు, వీటన్నిటి కంటే ముందు ఆవిడ కళ్లు, ఆవిడవి.

చెప్పడానికి సులువే. చిక్కు వచ్చేది చిన్నవాటి దగ్గర. నేను లెక్కపెట్టి రోజుకు నాలుగు డైపర్లు పంపేదాన్ని. ఒకరోజు పాపకు మోషన్స్ పట్టుకుంటే నాలుగూ మధ్యాహ్నానికే అయిపోయాయి. అక్క అక్కడే ఉండే ఇంకో బాబు ప్యాకెట్లోంచి రెండు తీసి వేసింది. సాయంత్రం ఆ బాబు వాళ్లమ్మ, నేను వాట్సాప్‌లో ఒకరికొకరం సారీలు చెప్పుకుంటూ లోపల ఉడికిపోయాం. రెండు డైపర్ల కోసం! ఆ తర్వాత ప్యాకెట్టే అక్కడ పెట్టేశాను, మార్కర్‌తో పేరు రాసి. ఐదు మిగిలినప్పుడు నాకు మెసేజ్ పెట్టాలని ఒప్పందం. పది కాదు, సున్నా కాదు, ఐదు. ఆ అంకె ఏదో మీరూ ముందే అనుకోండి.

బట్టలు మూడు జతలు, పాతవి. నేను మొదట్లో వెనక బొత్తాలుండే గౌన్లు పంపేదాన్ని, పాప ముద్దుగా ఉంటుందని. ఇప్పుడు కింది బాబుకు రోజుకు మూడుసార్లు బట్టలు మారుస్తుంటే తెలుస్తోంది, పాకే పిల్లను బోర్లా పట్టుకుని ఆ బొత్తాలు పెట్టడం ఎంత నరకమో. అక్క ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు.

నోటి విషయంలో పాలతో మొదలుపెడతాను. మీరు తల్లిపాలు పిండి పంపే ఆలోచనలో ఉంటే ఆవిడ ఫ్రిజ్‌లో మీకో చోటు కావాలి, తలుపులో కాదు, లోపల అరలో. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దని, పాప తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలని మా డాక్టర్ చెప్పారు. నేను అదే అక్కకు చెప్పాను. ఆవిడ తలూపింది. కానీ పదిరోజుల తర్వాత చూస్తే, మిగిలిన పాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెడుతోంది. అడిగితే, “తల్లిపాలు సింకులో పోయడానికి నాకు చేయి రావడం లేదు మా” అంది. నాకు కోపం రావాల్సింది, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆరోజు నుంచి పెద్ద సీసాలు మానేసి, ఒక పూటకు సరిపడా చిన్న సీసాల్లో పంపాను. మిగలడమే తగ్గింది. రూల్ చెబితే సరిపోదు, అది పాటించడానికి వీలుగా సర్ది పంపడం కూడా మన పనే.

ఏడాది నిండేదాకా తిండి ఇంటి నుంచే. ఉగ్గు, మెత్తగా చేసిన పప్పన్నం, రాగి జావ, ఏదైనా సరే మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో. రెండు విషయాలు ముందే గట్టిగా చెప్పండి: ఏడాదిలోపు తేనె నాకించకూడదు, చెనక్కాయ గింజలు, ద్రాక్షపళ్లు గుండుగా పెట్టకూడదు. మొదటిది బొటులిజం అనే జబ్బు భయం వల్ల, రెండోది గొంతులో అడ్డం పడతాయని. ముద్దు కొద్దీ పెట్టేది ఆవిడే కానక్కర్లేదు, ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలు కూడా పెడతారు. ఏడాది దాటాక అక్క ఇంట్లో వండిందే మా పాపా తినేది. దానికి నెలకు కొంత కలిపి ఇచ్చాను, హిందూపురం వెళ్లినప్పుడల్లా రాగులు ఆడించి తెచ్చేదాన్ని. ఇంకొకటి, వాళ్లింట్లో గుడ్డు తింటారో లేదో అడగండి. అక్క వాళ్లింట్లోకి గుడ్డు రాదు. నేను తెలియక ఒకరోజు ఉడికించిన గుడ్డు డబ్బాలో పెట్టి పంపాను. పాపం, ఆవిడ ఆ డబ్బా మెట్ల మీద కూర్చుని తినిపించి, అక్కడే కడిగి పంపింది.

మందుల సంగతి మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. పాపకు పది నెలలప్పుడు, ఎనిమిది కిలోలు, జ్వరం వచ్చింది. డాక్టర్ పారాసిటమాల్ సిరప్ రాశారు, 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉండేది. ఒక్కోసారికి 5 ఎంఎల్ పట్టమన్నారు. కిలోకు సుమారు 15 ఎంజీ చొప్పున లెక్క సరిపోయింది. అక్కకు అదే చెప్పాను, “5 ఎంఎల్ అక్కా”. రెండోరోజు సీసా ఇంట్లో ఒలికిపోయింది. పొద్దున్నే హడావిడిగా షాపులో అడిగితే డ్రాప్స్ ఇచ్చాడు. మందు అదే కదా అని సంచిలో పడేసి ఆఫీసుకు పోయాను. ఆ డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 ఎంజీ. అంటే 5 ఎంఎల్ పడితే 500 ఎంజీ, పట్టాల్సినదానికి నాలుగింతలు.

పదకొండు గంటలకు అక్క ఫోన్. “మా, ఈ డ్రాపర్‌కు ఒక్కటి దాకానే గీత ఉంది. దీంతో ఐదుసార్లా?” అని అడిగింది. నేను మీటింగ్‌లోంచి లేచి బయటకొచ్చి సీసా ఫొటో పెట్టమన్నాను, డాక్టర్‌కు ఫోన్ చేశాను, అప్పుడు తెలిసింది. ఆవిడ చదివింది ఏడో తరగతి. ఆ గీతను చూసి అనుమానం రాకపోతే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తప్పు నూటికి నూరుపాళ్లు నాది.

కాబట్టి మందు ఇవ్వడం ఆవిడ పనే అయినా, ఏ సీసా, ఎంత, ఎన్నింటికి, పొద్దున మనం ఇంట్లో ఎన్నింటికి పట్టాం అన్నది ప్రతిసారీ కాగితం మీద రాసి సీసాకు రబ్బరు బ్యాండ్ వేసి పంపాలి. డాక్టర్ రాయని మందు ఏదీ ఆవిడ ఇవ్వకూడదు. గ్రైప్ వాటర్ కూడా వద్దని నేను చెప్పాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ రెండు అక్కడ ఉంచండి, ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉంటే సరిగ్గా అన్ని నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. అయినా ఆ తర్వాత కూడా కింది బాబు వాళ్ల నాన్న ఇంట్లో మిగిలిన అలాంటి టెట్రా ప్యాక్ ఒకటి నా చేతిలో పెట్టారు. వెనక్కి ఇచ్చేశాను.

ఇక జాగా గురించి. చాలామంది సీసీ కెమెరా ఉందా అని అడుగుతారు, బాత్రూమ్ తలుపుకు పైన గడియ ఉందా అని అడగరు. 2024 మార్చిలో ఇక్కడ నీటి కటకట గుర్తుందిగా? కారు కడిగినా 5,000 జరిమానా అన్న రోజులు. ట్యాంకర్ వస్తే ఇంట్లో ఉన్న ప్రతి బకెట్, టబ్బు, బిందె నింపి పెట్టుకునేవాళ్లం. ఒకరోజు తొందరగా వెళ్లాను. అక్క బాత్రూమ్‌లో రెండు బకెట్లు, ఒక నీలం టబ్బు అంచుల దాకా నీళ్లు, తలుపు బార్లా తీసి ఉంది, నా పిల్ల ఆ గుమ్మం పట్టుకుని నిలబడుతోంది. బకెట్‌లోకి తలకిందులుగా పడ్డ చిన్నపిల్లలు తమంతట తాము లేవలేరు, రెండంగుళాల నీళ్లు చాలు. నేను గొడవ చేయలేదు. మరుసటిరోజు మా ఆయన డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకెళ్లి తలుపుకు పైన గడియ బిగించాడు, టబ్బుకు మూత కొనిచ్చాం. జాగా ఆవిడదే. గడియకు మేం పెట్టిన ఖర్చు మాత్రం నూట ఇరవై రూపాయలు. కొన్నిచోట్ల ఈ లెక్కలు ఇలా కలిసిపోతాయి, వాటి దగ్గర పంతం వద్దు.

టీవీ గురించి నేను మెత్తబడ్డాను. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిజమే. కానీ పొద్దున ఎనిమిది నుంచి ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని తిరిగే మనిషి మధ్యాహ్నం ఒక సీరియల్ చూస్తే తప్పేముంది? పిల్లలు నిద్రపోయేటప్పుడు చూడమన్నాను, అన్నం పెట్టేటప్పుడు ఫోన్ ఇవ్వొద్దన్నాను. రెండోది గట్టిగానే అన్నాను.

ఒంట్లో బాగోలేని రోజుల గురించి ముందే తేల్చుకోండి. ముక్కు కారుతుంటే వదలొచ్చు. జ్వరం ఉంటే ఇంట్లోనే, తగ్గి ఒకరోజు గడిచాక పంపాలి. చేతుల మీద, నోట్లో, పాదాల మీద పొక్కులొచ్చే జబ్బు (ఇక్కడి ప్లేస్కూళ్లలో తరచూ వింటాం) వస్తే వారం సెలవు. ఇందులో దొంగతనం చేసేది తల్లిదండ్రులే. పొద్దున మందు పట్టి, జ్వరం దిగిన గంటలో వదిలేసి పోతారు. నేనూ ఒకసారి చేశాను. ఇప్పుడు అదే పని నాకు వేరేవాళ్లు చేశారు, నా కూతురికి కూడా అంటుకుంది. టీకాల కార్డు ఫొటో ఆవిడకు పంపండి. అక్కడి మిగతా పిల్లలకు వేయించారా అని మీరూ అడగండి. తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్, రుబెల్లా టీకా ముఖ్యంగా.

ఆవిడ తప్పకుండా ఇవ్వాల్సింది ఇంకొకటి ఉంది, నిజం. పడిందా, కరిచిందా, అన్నం తినలేదా, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇది ఎంత కష్టమో నాకు మొన్న తెలిసింది. బాబు సోఫా అంచుకు తగిలి నుదురు బొప్పి కట్టింది. ఐస్ పెట్టి, వాంతి అవుతుందా, మగతగా ఉన్నాడా అని చూస్తూ కూర్చున్నాను. బాగానే ఆడుకున్నాడు. వాళ్లమ్మకు ఫోన్ చేయాలి కదా? ఐదు నిమిషాలు ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. సాయంత్రానికి వాపు తగ్గిపోతుందేమో అనే దిక్కుమాలిన ఆశ ఒకటి. చేశాను. ఆవిడ “సరే అక్కా, ఏడ్చాడా?” అని మాత్రమే అంది. అలా అన్నందుకే తర్వాతిసారి వెంటనే చేయగలిగాను. మీరు మొదటి బొప్పికి ఎలా మాట్లాడతారో దాన్నిబట్టి రెండో బొప్పి మీకు తెలుస్తుందా లేదా అన్నది ఉంటుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. మీరు ఊరికి వెళ్లిన రోజులకు కోత పెట్టకండి. ఆవిడకు నెలకు రెండు సెలవులు ఇవ్వండి, ఆ రోజుల్లో ఎవరు ఇంట్లో ఉండాలో మీ ఆయనా మీరూ ముందే అనుకోండి. ఆరున్నర అంటే ఆరున్నరకే తీసుకెళ్లాలి. వానొస్తే సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఏమవుతుందో అందరికీ తెలుసు, కానీ ఆవిడ పిల్లలకూ హోంవర్క్ ఉంటుంది. ఆలస్యమైతే గంటకు ఇంత అని మేం అనుకున్నాం. అక్క తీసుకోవడానికి మొహమాటపడింది, నేను నెలాఖరున కలిపి పంపేసేదాన్ని. ఉగాదికి చీర వేరే.

సంచిలో పెట్టమని ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది. కింది బాబు నా దగ్గరికి వచ్చిన మొదటివారం మధ్యాహ్నం నిద్రపోలేదు, ఎక్కెక్కి ఏడ్చేవాడు. వాళ్లమ్మను ఆవిడ వాడే చున్నీ ఒకటి ఇవ్వమన్నాను. పాపం, చక్కగా ఉతికి, ఇస్త్రీ చేసి, కవర్లో పెట్టి పంపింది. వాడు దాన్ని పట్టించుకోనేలేదు. మరుసటిరోజు ఆఫీసు నుంచి వచ్చాక ఒంటి మీద ఉన్నదే విప్పి ఇవ్వమన్నాను. అది నా భుజం మీద వేసుకుని వాణ్ణి ఎత్తుకుంటే పది నిమిషాల్లో పడుకున్నాడు. మీరు కూడా ఒకటి పంపండి, ఉతక్కుండా.