ఎండకు కోళ్ల మేతలో పుదీనా నూనె కలపవచ్చా?
తమ్ముడూ, మధ్యాహ్నం లేయర్ కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నాయి, గుడ్డు పెంకు పలచబడింది, మేతలో పుదీనా నూనె కలిపితే తగ్గుతుందా అని అడిగావు. బజార్లో సీసా కొని మేతలో మాత్రం పోయకు. అది ఇట్టే ఆవిరైపోతుంది, అన్ని కోళ్లకూ సమానంగా అందదు, ఘాటు ఎక్కువైతే మేత ముట్టవు. వాములో ఉండే ఘాటు పదార్థం థైమాల్, ఒరెగానో అనే ఆకు నుంచి తీసే నూనె అయితే, ఆవిరి కాకుండా పైన పూత వేసిన పొడి రూపంలో దొరుకుతాయి. ప్యాకెట్ మీది మోతాదులోనే ప్రీమిక్స్‌తో (మేతలో వేసే విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) కలుపు. పేగులకు మంచివే గానీ షెడ్డు వేడిని తగ్గించవు.

పెంకు సంగతి వేరు. రొప్పినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి రక్తంలో బైకార్బొనేట్ తగ్గుతుంది. పెంకు కట్టడానికి అది కావాలి. డాక్టర్‌ని అడిగి మేతలో కొంత ఉప్పు తగ్గించి వంటసోడా వేయి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టు. అన్నిటికంటే ముందు కోళ్లు నీళ్లు తాగే నిప్పిల్ పైపును మధ్యాహ్నం చేత్తో పట్టుకుని చూడు. వేడిగా ఉంటే ఆ నీళ్లు వదిలేసి, ట్యాంకుకు తడి గోనెలు చుట్టు.