పక్షవాతానికి స్టెమ్ సెల్స్: డబ్బు కట్టే ముందు

ప్రశ్న: వైజాగ్‌లో ఉంటాం. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది, కుడి చెయ్యి లేవట్లేదు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే లేస్తుందని ఒక క్లినిక్ వాళ్లు లక్షలు అడుగుతున్నారు. ప్రమాదం లేదా?

జవాబు: తొందరపడి కట్టకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప, మిగతావాటికి స్టెమ్ సెల్స్‌ను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే (రోగులపై చేసే పరిశోధనలోనే) వాడాలి. ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడే అనుమానించాలి.

ప్రమాదం చాలావరకు కణాలు వెళ్లే దారిని బట్టి ఉంటుంది. చేతి నరంలోంచి ఎక్కించడం కాస్త నయమే కానీ, చాలా కణాలు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి. మెదడుకు వెళ్లే ధమనిలోకి పంపితే, మోతాదు ఎక్కువైనా కణాలు ఉండకట్టినా సన్నటి నాళాలు మూసుకుపోయి మళ్లీ స్ట్రోక్ రావచ్చు. పుర్రెకు రంధ్రం పెట్టే పద్ధతిలో రక్తస్రావం, ఫిట్స్ భయం. అందుకే కణాలు ఎన్ని, వాటిలో బతికున్నవెన్ని, బ్యాక్టీరియా పరీక్ష అయ్యిందా అన్నవి ఎక్కించేముందే కాగితం మీద ఉండాలి.

మన దేశంలోనే 120 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. సొంత ఎముక మజ్జ కణాలు ఎక్కించినవాళ్లలో పెద్ద హాని కనబడలేదు. కోలుకోవడంలో తేడా కూడా కనబడలేదు. ఆ రెండో సంగతి పాంప్లెట్‌లో వెయ్యరు లెండి.

మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ సీటీఆర్‌ఐ. క్లినిక్ వాళ్లని ఆ నంబరు అడిగి దాని వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఈలోగా రిపోర్టులు పట్టుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీలో చూపించండి, ఫిజియోథెరపీ మాత్రం ఆపకండి.