గెడ్డ మధ్య బండ మీద కూర్చోవద్దు

చి.ల.సౌ. పద్మకి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం మీ ఆయన్నీ, ఇద్దరు గుంటల్నీ, మీ అత్తగారినీ తీసుకుని ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర పుణ్యగిరి కొండెక్కి, అక్కడి జలపాతం ధార దగ్గర వనభోజనం పెట్టుకున్నారని మీ అమ్మ చెప్పింది. చినుకు పడితే అరుగు దిగని పిల్లవి, ఇంటిల్లిపాదినీ కొండకి బయల్దేరదీశావంటే ముచ్చటేసింది. ఫోను పెట్టేశాక దడ మొదలైంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని కట్ చేస్తావు కాబట్టి రాస్తున్నాను. మీ ఆయన చేత కూడా చదివించు.

ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. ఏడింటికల్లా కొండ కింద ఉండండి, ఉమాకోటిలింగేశ్వరుడి దర్శనం చేసుకుని పైకి వెళ్లండి. హవాయి చెప్పులు వద్దు, అడుగున గాళ్లున్న రబ్బరు బూట్లో, వెనక పట్టీ ఉన్న శాండిల్సో వేసుకోండి. పెద్దవాళ్లకి మనిషికి లీటరున్నర నీళ్లు, పిల్లలకి లీటరు. ఓఆర్ఎస్ లీటరు పొట్లమైతే మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో అరపొట్లం వేసి తాగించే అలవాటు మీ ఇంట్లో ఉంది. అలా చిక్కగా తాగిస్తే పిల్లలకి మేలుకి బదులు కీడు. మానెయ్యండి.

మీ అత్తగారి మోకాళ్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే పేచీ పెడతాయి. చేతికో కర్రివ్వు, మెట్టుకి రెండు పాదాలూ ఆనించి దిగమను. ఓపిక లేదంటే గుడి దగ్గరే కూర్చోబెట్టి ఎవరో ఒకరు తోడుండండి. ఆవిడ మొహమాటానికి "నేనూ వస్తా" అంటారు, నువ్వే గట్టిగా చెప్పాలి. రెండింటికల్లా దిగడం మొదలుపెట్టండి. కార్తీకంలో మన వైపు ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది, చెట్ల కింద మెట్లకి చీకటి ఇంకా ముందే వస్తుంది.

ఇక నా భయమంతా ఒక్క దాని గురించే. ఏళ్ల తరబడి జనం చేస్తున్న తప్పే, మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నారు. గెడ్డ, అదే కొండవాగు, మధ్యలో నున్నటి బండ కనబడితే చాలు, దాటి వెళ్లి దుప్పటి పరిచి కేరియర్లు విప్పుతారు. చుట్టూ నీళ్లు పారుతుంటే ఫొటోలు బాగా వస్తాయి, కాదనను. ఆ బండ అంత నున్నగా ఎందుకుందని మాత్రం ఎవరూ ఆలోచించరు. వరద దాని మీంచి పోతుంది కాబట్టే అలా అరిగింది. మట్టీ, గడ్డీ నిలవని రాయి ఎక్కడుంటే అక్కడిదాకా నీళ్లు వస్తాయని లెక్క. గడ్డి మొలిచి, ముదురు చెట్లున్న ఎత్తు చూసుకుని అక్కడ పరుచుకోండి.

మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉండొచ్చు. వాన పడేది పైన, మీకు కనబడని కొండ వెనక. వానాకాలమంతా తాగిన నేల ఇంక చుక్క పీల్చదు. వాలు నిటారుగా ఉంటుంది, కింద రాయి. పడిన నీరంతా పిల్లపాయలన్నింట్లోంచీ దిగి ఒక్క గెడ్డలో కలుస్తుంది. అందుకే అది చెరువులా నింపాదిగా నిండదు. చీలమండ లోతున్నది మీ భోజనం ముగిసేలోపు నడుం దాకా రాగలదు.

వరద రాకముందు గెడ్డే కొంత చెబుతుంది, వినే చెవులుండాలి. తేటగా ఉన్న నీరు ఎర్రబారుతుంది. ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. గలగల పోయి అడుగున రాళ్లు దొర్లే బరువు చప్పుడు వస్తుంది. కూర్చోగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టి, పెద్దాడికి అప్పజెప్పు. పావుగంటకోసారి వాడు చూసి చెప్పాలి. రాయి మునిగితే గిన్నెలూ చాపలూ వదిలేసి పైకి ఎక్కండి, గెడ్డ వెంబడి కిందికి పరుగెత్తకండి. ఉరుము వినబడినా అంతే. కేరియరు కోసం వెనక్కి వెళ్లినవాళ్ల కథలు మన వైపు ఎన్ని విన్నామో నీకు చెప్పక్కర్లేదు.

అవతలి గట్టున ఉండగా పొంగితే దాటొద్దు. మోకాలి లోతే కదా అంటాడు మీ ఆయన. జోరుగా పారే నీరు ఆరంగుళాలున్నా పెద్ద మనిషిని పడగొట్టగలదు. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. పైగా ఎర్రనీళ్లలో అడుగున గుంత ఉందో, బండ ఉందో తెలియదు. చంకన పిల్లని ఎత్తుకుని దాటడం మరీ ఘోరం. ఎత్తులో కూర్చుని ఆగండి. పైన వాన తెరిపిస్తే, ఇలాంటి చిన్న గెడ్డ ఎంత తొందరగా పొంగుతుందో చాలాసార్లు అంత తొందరగానూ తీస్తుంది. ఆ కాసేపటి కోసం రెండు బిస్కట్టు ప్యాకెట్లు, ఒక టార్చిలైటు సంచిలో ఉంచుకో.

ధార కిందకి ఎవరినీ పోనివ్వకు. నీళ్లతో పాటు పైనుంచి రాళ్లు కూడా పడతాయి. ధార పడే చోట మడుగు లోతుగా తవ్వుకుపోతుంది, నురగ నీటిలో గాలెక్కువ కాబట్టి ఈత వచ్చినవాడూ తేలలేడు. పాకుడు రాయి మీద బూటు కూడా జారుతుంది. ఎవరైనా జారిపడితే మరొకరు దూకకూడదు, చేతులు పట్టుకుని గొలుసు కట్టకూడదు. అలాగే ఒకరి వెనక ఒకరు పోతారు. ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యానులో గ్లాసుడు నీళ్లు పోసి, మూత బిగించి, పిడికి పది మీటర్ల నైలాను తాడు కట్టి తీసుకెళ్లు. ఆ గ్లాసుడు నీళ్ల బరువుంటేనే క్యాను విసిరిన చోటికి పోతుంది. పట్టుకున్న మనిషికి తల తేలేంత ఆసరా ఇస్తుంది. గట్టున ఉన్నవాళ్లు తాడుని నడుముకి చుట్టుకోకూడదు.

వాతావరణ శాఖ కబురు శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున్న ఒకసారి చూడు. అక్టోబరు, నవంబరు మన తీరానికి వాయుగుండాల నెలలు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న వచ్చినవే కదా. పసుపు రంగు హెచ్చరిక ఉన్నా ప్రయాణం వాయిదా వెయ్యి. ముందు రెండు రోజులు ముసురు పట్టినా అంతే. పులిహోర ఇంట్లోనే తినొచ్చు, కోపం తెచ్చుకోకు తల్లీ.

ఇంటికొచ్చాక అందరూ సబ్బుతో స్నానం చెయ్యండి, బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి. పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. మూడు వారాల్లోపు ఎవరికి జ్వరమొచ్చినా చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉందేమో వెతికి, కొండకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. మచ్చ లేకపోయినా చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందుతోనే తగ్గుతుంది. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటు వైద్యం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యండి. పైన సిగ్నలు దొరక్కపోవచ్చు, అందుకే ఎన్నింటికి దిగుతారో కింద ఉన్నవాళ్లెవరికైనా చెప్పి ఎక్కండి.

తాడు కొనకు, మా ఇంట్లో గట్టిది ఉంది. శుక్రవారం విజయనగరం వచ్చే మీ తమ్ముడి చేత పంపిస్తాను. క్యాను మాత్రం నువ్వే చూసుకో, మూత బిగువుగా ఉన్నది.

ఇట్లు,
మీ మావయ్య