షాఫ్ట్ బండిలో యూనివర్సల్ జాయింట్ అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీది కడప అన్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న షాఫ్ట్ డ్రైవ్ బండి (చైన్ బదులు తిరిగే కడ్డీతో వెనక చక్రాన్ని నడిపే మోటార్‌సైకిల్; ఆ కడ్డీ వంగేచోట ఉండే కీలే యూనివర్సల్ జాయింట్) 60 వేల కిలోమీటర్లు తిరిగింది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడల్లా వెనక ‘టక్’మంటోంది. మెకానిక్ చక్రం పట్టుకుని ఊపి చూసి, షాఫ్ట్ బళ్లన్నీ ఇంతే అన్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. ఆ ఒక్క మాట మీద ఊరుకోకండి. నేను ఊరుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది అనంతపురం. బెంగళూరులో కొన్న పాత బండి. మొదటి వానాకాలం గండికోటకు పోతూ ఒక కాజ్‌వే మీద చక్రం సగం మునిగే నీళ్లలో దాటించాను. షాఫ్ట్ మీదుండే రబ్బరు బూటు చీలి ఉందని అప్పటికి నాకు తెలియదు. కొన్ని నెలలకు మెల్లగా పోతున్నప్పుడు కిచ్‌కిచ్‌మని సన్నటి శబ్దం, తర్వాత 80 స్పీడులో ఫుట్‌రెస్టుల్లో వణుకు. రెండు చోట్ల చూపించాను. రెండు చోట్లా చక్రం ఊపి ఏమీ లేదన్నారు.

చివరికి లారీల, జీపుల ప్రొపెల్లర్ షాఫ్టులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన చక్రం ముట్టుకోలేదు. షాఫ్ట్ బయటికి తీయమన్నాడు. బూటు క్లిప్పు విప్పగానే ఇటుక రంగు నీళ్లు కారాయి. షాఫ్టును వైస్‌లో బిగించి, చివరి యోక్‌ను (జాయింటును పట్టుకునే రెండు కొమ్ముల ముక్కను) రెండు వేళ్లతో అటూ ఇటూ వంచమన్నాడు. ఒక దిక్కు నూనె పోసినట్టు కదిలింది. రెండో దిక్కు వంచితే సరిగ్గా మధ్యకు రాగానే చిన్న గుంతలో కూర్చున్నట్టు ఆగింది, కొంచెం బలం పెడితే దాటింది. ‘క్రాస్ అయిపోయిందప్పా. దీంతోనా బెంగళూరు పోయొస్తాండావు?’ అన్నాడు. క్రాస్ అంటే రెండు యోక్‌లనూ కలిపే కూడిక గుర్తు ఆకారపు ముక్క. దాని కాలి మీదుండే సూది బేరింగు కప్పు ఊడగొడితే లోపల గ్రీజు లేదు, తుప్పు పొడి ఉంది. క్రాస్ కాలి మీద సూదులు కూర్చున్న చోటల్లా గీతలు పడ్డాయి.

ఆ గుంత మధ్యలోనే ఎందుకు పడుతుందో తెలిస్తే చెకింగ్ సులువవుతుంది. బండి నడుస్తున్నప్పుడు జాయింటు కొద్ది డిగ్రీలే వంగుతుంది. కప్పుల్లోని సూది బేరింగులు పూర్తిగా దొర్లవు, ఉన్నచోటే ఇంచుమించు కదులుతూ దెబ్బ తింటాయి. గ్రీజు ఎండినా, నీళ్లు చేరినా అక్కడే గీతలు పడతాయి. కాబట్టి వేలికి తగిలే ఆ పట్టే అసలు గుర్తు. లూజు ఆ తర్వాత వస్తుంది.

ఇక చక్రం ఊపడం. సెంటర్ స్టాండ్ వేసి, గేరులో పెట్టి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పితే కొంత ప్లే (ఖాళీ కదలిక) ఉంటుంది. అది గేర్లలో, స్ప్లైన్లలో (షాఫ్ట్ చివర ఒకదాంట్లో ఒకటి కూర్చునే పళ్లలో) ఉండేదే. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి ఎంతుందో రాసుకోండి. వచ్చే నెలకు పెరిగితే అనుమానించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కకు ఊపితే వచ్చే ప్లే వేరు. అది వెనక బేరింగుల సంగతి, జాయింటుకు సంబంధం లేదు. మీ మెకానిక్ ఏది చూశాడో అడగండి.

షాఫ్ట్ తీసేటప్పుడు వెనక డిస్క్ బ్రేకు కాలిపర్‌ను బ్రేకు పైపు మీద వేలాడదీయకండి, తీగతో కట్టండి. ఏబీఎస్ ఉంటే సెన్సర్ వైరు జాగ్రత్త. అన్నిటికంటే ముఖ్యం, రెండు భాగాల షాఫ్ట్ అయితే విడదీసే ముందే రెండిటి మీదా పెయింటుతో గీత గీయండి, మళ్లీ అదే వరసలో కలపడానికి. వంపులో ఉన్న ఒక్క జాయింటు నిలకడగా తిప్పదు. 10 డిగ్రీల వంపులో ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం ఒకటిన్నర శాతం దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. 1987లో వచ్చిన బీఎండబ్ల్యూ పారాలీవర్ (రెండు జాయింట్లున్న వెనక డ్రైవ్) లాంటి వాటిలో రెండో జాయింటు ఆ తేడాను సరిచేస్తుంది. యోక్‌లు ఒకే వరసలో లేకపోతే సరిచేయదు సరికదా, వణుకు రెట్టింపవుతుంది. బిగించేటప్పుడు స్ప్లైన్లకు మోలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు రాయండి, చీలిన బూటును మళ్లీ వేయకండి.

చాలా బళ్లలో కప్పులకు సర్‌క్లిప్ (ఊడదీసే రింగు) ఉండదు, అంచు కొట్టి బిగించేస్తారు. లేత్‌లో కొత్త క్రాస్ వేయించవచ్చు కానీ సెంటర్ వెంట్రుకంత తప్పినా వణుకు పోదు. నేను కొత్త షాఫ్టే వేయించాను.

వేలికి ఆ పట్టు తగిలితే మాత్రం ఆ బండి మీద ఎక్కడికీ పోవద్దు. యోక్ విరిగితే ముక్కలు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) లోపల ఇరుక్కుని వెనక చక్రం పట్టేయవచ్చు. సర్వీసుకు కూడా ట్రాలీలో ఎక్కించే పంపండి.